వెనక్కి చూడకుండా ఎక్కిన మెట్లు

తడిసిన గోనెసంచి సగం ఆరినప్పుడు ఒక వాసన వస్తుంది. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర, వాన వెలిశాక, ఉల్లిపాయల బండివాడితో కిలోకి ఐదు రూపాయలు తగ్గించమని చెప్పడానికి నోరు తెరుస్తుండగా ఆ వాసన ముక్కుకి తగిలింది. అడిగినంతా ఇచ్చి వచ్చేశాను. మా ఇంటావంటా లేని పని అది.

మాది స్టీలు సామాన్ల కొట్టు. నాన్న గల్లా దగ్గర కూర్చుని అమ్మేవాడు, నాయనమ్మ బజారుకెళ్ళి కొనేది. ఇద్దరిలో ఎవరు ఘనులంటే నేను నాయనమ్మ వైపే. వినాయకచవితి వస్తే పత్రి దగ్గర్నుంచి వెలక్కాయల దాకా, చెరుకు గడల దగ్గర్నుంచి ఉండ్రాళ్ళకి బియ్యపు రవ్వ దాకా ఆవిడ కొంగు పట్టుకుని వన్‌టౌన్ సందులన్నీ తిరిగేదాన్ని. ఆవిడ విద్యంతా ఒకటే. నీ ధర చెప్పు, తిరిగి నడువు, వెనక్కి మాత్రం చూడకు. చూశావో, ఆ వస్తువు నీకు కావాలని వాడికి తెలిసిపోతుంది. పది అడుగుల్లోపు "రండమ్మా, తీసుకెళ్ళండి" అని పిలుపొచ్చేది. పదేళ్ళకే నాకా విద్య పట్టుబడింది. చుట్టాలు చీరలు కొనాలంటే నన్ను వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు, నేను పెద్ద ప్లీడరులాగా ముందు నడిచేదాన్ని.

పదకొండో ఏట, చవితి వెళ్ళిన వారానికి, బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చింది. అమ్మ గుడివాడలో పుట్టింట్లో ఉంది. మేం ముగ్గురం మేడమీద గదిలో, కింద గదుల్లోంచి బిందెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వింటూ, అటుకులు నములుతూ రెండు రోజులు గడిపాం. నాయనమ్మకి ఆయాసం. మాత్రలు అయిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం మా మెట్ల దగ్గరికి ఒక చేపల పడవ వచ్చింది. పడవాయన తలకి ఐదొందలన్నాడు.

మెట్ల మలుపులో సగం ఆరిన గోనెసంచి మీద కూర్చున్న నాయనమ్మ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, "ఆ డబ్బుతో బందరు పోయి రావచ్చు. రెండొందలను, అమ్మడూ" అంది.

అన్నాను.

"ముసలమ్మగారు అట్టా ఉంటే బేరమేంది పాపా? ఎక్కించండి. అవతల జనం చూస్తన్నారు."

"మూడొందలు. ముగ్గురం ఒకేచోట ఎక్కుతున్నాం కదా."

నాన్న నవ్వాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వడం అదొక్కసారే. "పోనీ ఇచ్చేద్దామే అమ్మా" అన్నాడు, అంత గట్టిగా కాదు.

"ఉండరా, పిలుస్తాడు" అని, నాయనమ్మ నాకేసి చూసి, "తిరుగు" అంది.

తిరిగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు మెట్లెక్కాను. వెనకాల నీళ్ళు గోడని తడుతున్నాయి. పిలుపు కోసం వీపంతా చెవులు చేసుకుని నిలబడ్డాను, తల మాత్రం తిప్పలేదు. చివరికి తిప్పేసరికి పడవ సందు మలుపు తిరుగుతోంది. నాన్న "ఐదొందలిస్తాం, రావయ్యా" అని గొంతు పోయేలా అరిచాడు.

"గట్టివాడే" అని మెచ్చుకుంది నాయనమ్మ.

మర్నాడు ఎవరో కుర్రాళ్ళు పడవ తెచ్చారు. డబ్బులొద్దన్నారు. అప్పటికి నాయనమ్మకి తొందర లేదు, ఆయాసమూ లేదు.

ఆ మేడ పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. కొట్టు ఎత్తేశాం. ఇప్పటి షాపుల్లో ధరలు చీటీల మీద ఉంటాయి; తిరిగి నడిస్తే గాజు తలుపు తనంతట తానే తెరుచుకుని సాగనంపుతుంది, వెనక్కి పిలిచేవాడు ఉండడు.

నాకు తెలియనిది ఒక్కటే. ఆ పడవాయన నేను తిరగగానే వెళ్ళిపోయాడా, లేక తల తిప్పుతానేమోనని కాసేపు ఆగి చూశాడా? నాన్న నీళ్ళ వైపే మొహం పెట్టి నిలబడి ఉన్నాడు, ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయినేడు నాన్న కూడా పోయాడు.