ఎడమ చేతికి వద్దన్న ఆంటీ

ఆంటీ పోయారని మొన్న మంగళవారం పొద్దున నేను ట్రైన్లో ఆఫీసుకు వెళ్తుండగా అంకుల్ ఫోన్ చేసి చెప్పారు. "మీ ఆంటీ నిద్దట్లోనే పోయిందయ్యా. నీకు వీలుంటే రా" అన్నారు. బెడోక్‌లో దిగి వెనక్కి వెళ్ళే ట్రైన్ ఎక్కాను. పాసిర్ రిస్‌లో ఉండే నాకు వాళ్ళుండే టాంపినీస్ పక్క స్టేషనే. ఆ ఇంటికి చివరిసారి ఎప్పుడు వెళ్ళానో గుర్తు చేసుకోబోయి మానుకున్నాను. ఆయన "వీలుంటే" అన్నది ఊరికే కాదు.

మన సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. "అన్నపూర్ణ లాంటి తల్లి అని మొదలుపెట్టండి, బాగుంటుంది" అని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు. ఆ మాట రాయడానికి నాకు చేతులు రాలేదు. ఇది చదివే మీలో సగం మంది ఆ ఇంట్లో తిన్నవాళ్ళే. తినడం మానేసినవాళ్ళూ మీరే. మీ అందరికంటే ముందు మానేసినవాణ్ణి నేను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నచ్చకపోతే పేజీ తిప్పేయండి.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడిన రోజుల్లో, ఆ భయం పుణ్యమా అని ఉద్యోగాలు దొరికి మేమంతా దేశం దాటి ఇక్కడ దిగాం. ఒక్కో ఫ్లాట్లో ఐదుగురం, ఆరుగురం. ఒక్కడికీ వంట రాదు. గుంటూరు జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా స్థిరపడిన అంకుల్, ఒకరోజు కాఫీ షాపులో మా తెలుగు విని ఇంటికి పిలిచారు. ఆ శనివారం మొదలు ప్రతి శనివారం మధ్యాహ్నం మేం ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం.

ఆంటీ పెద్ద స్టీలు బేసిన్లో పొగలు కక్కే అన్నం కుమ్మరించి, ఆవకాయ, నువ్వుల నూనె వేసి రెండు చేతులా కలిపేవారు. మేం చుట్టూ నేల మీద కూర్చునేవాళ్ళం. "చెయ్యి చాపండయ్యా. ప్లేట్లు కడిగే ఓపిక నాకు లేదు" అనేవారు. ముద్ద పెట్టేటప్పుడు ఒక్కొక్కరి ముఖంలోకి చూసేవారు. ఆ వారం ఆఫీసులో తిట్లు తిన్నవాడికి ముద్ద కాస్త పెద్దదే వచ్చేది. గరిటెతో వడ్డిస్తే తొందరగా తెములుతుంది కదా అని ఒకసారి అన్నాను. "ఎవడి ఆకలి ఎంతో గరిటెకేం తెలుసయ్యా?" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తెలుగులో ఇక్కడి మాటలు కలిసిపోయాయి. లిఫ్టులో ఎదురైనవాళ్ళు చైనావాళ్ళయినా మనవాళ్ళయినా "మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడగడమే పలకరింపు. తినడానికి వెళ్ళిన హాకర్ సెంటర్లో అందరూ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఆ చోటు తమదని చోప్ చేసుకుంటే, ఈవిడ పసుపు మరకల చేతిరుమాలు పెట్టి వెళ్ళేవారు. "దాన్ని ఎవుడు ముట్టుకుంటాడులే" అని నవ్వేవారు.

ఒక ఉగాదికి బూరెలు కావాలని మేమే అడిగాం. నలభై మందికి వండటానికి కూర్చున్నారు. ఒక బూరె నూనెలో పగిలింది. ఉలిక్కిపడి వెనక్కి జరగబోయేసరికి మూకుడు ఒరిగి, నూనె రెండు చేతుల మీదా పడింది. నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. ఆ కేక విన్నాను. పంపు కింద ఆ చేతులు పట్టుకుని నిలబడింది నేనే. అంబులెన్సులో కూడా "పొయ్యి కట్టేశారా?" అనే అడిగారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత వచ్చిన తెల్లమచ్చలు ఎక్కడివో నాకు తెలియదని బుకాయించడానికి వీల్లేదు.

పుండ్లు మానాయి. వేళ్ళు మునుపటిలాగే వంగాయి. రంగు మాత్రం తిరిగి రాలేదు. మణికట్ల దగ్గర్నుంచి వేళ్ళ కణుపుల దాకా సున్నం పూసినట్టు ఉండిపోయింది. ఆంటీ పట్టించుకోలేదు. కట్లు విప్పిన మూడో వారమే బేసిను బయటికి తీశారు.

ఏడాది గడిచింది. అప్పటికి నాకు పెళ్ళయింది, నా భార్య కడుపుతో ఉంది. మా అమ్మకు ఫోన్లో ఆంటీ సంగతి చెప్పాను.

"బొల్లి చేతి ముద్ద పెట్టిస్తావట్రా కడుపుతో ఉన్న పిల్లకి?" అంది అమ్మ.

"బొల్లి కాదమ్మా. నూనె పడి కాలింది. నా కళ్ళముందే."

"ఏదైతేనేం? తెల్లగా ఉందా, లేదా?"

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. బొల్లి అయినా అంటుకోదని నాకు తెలుసు. అయినా ఆ శనివారం సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ స్పూన్ల ప్యాకెట్ కొనుక్కుని, నా భార్యతో వెళ్ళాను. ఆంటీ బేసిను ముందు కూర్చుని దాన్ని చూశారు.

"ఏందయ్యా ఇవి?"

"ఊరికే ఆంటీ. మీకు శ్రమ తగ్గుతుందని."

ఆవిడ నా వైపు చూశారు. తర్వాత నా భార్య పొట్ట వైపు చూశారు. మరుసటి వారం ఎవరో కాగితం ప్లేట్లు తెచ్చారు. ఆ పై వారం ఆంటీయే గరిటె పట్టుకున్నారు. నెల తిరిగేసరికి ఒకరికి ఆఫీసు పని, ఒకరికి ఒంట్లో నలత, శనివారాలు పలచబడ్డాయి. మా ఇంట్లో సీమంతానికి ఆవిడ వచ్చారు. ఎవరూ ఏమీ అనకముందే వెనక వరసలో కూర్చున్నారు. గాజులు తొడగడానికి పిలుస్తామేమోనని ఒకసారి తలెత్తి చూశారు. మేం పిలవలేదు.

మన సంగతి మనకు తెలియనిదా? లిటిల్ ఇండియాకు వెళ్ళినప్పుడల్లా తెల్లబడే క్రీములు సంచుల్లో వేసుకొచ్చే జాతి మనది. పెళ్ళి ప్రకటనలో మొదటి మాట తెలుపు. ఆ తెలుపే ఆవిడ చేతి మీద కనబడితే జరిగి కూర్చున్నాం. ఇంత సిగ్గులేనితనం ఏ పచ్చడి వేసి కలిపినా మింగుడు పడదు.

ఇలా ఉండగా చర్మానికి రంగు తెప్పించే కొత్త చికిత్స గురించి అంకుల్ ఎక్కడో విన్నారు. ఆయనకు షిఫ్టు ఉండటంతో ఫారాలు నింపడానికి నన్ను తోడు వెళ్ళమన్నారు. చైనా డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది. కాలినప్పుడు రంగునిచ్చే కణాలు చచ్చిపోయాయి. తొడ మీద నుంచి చాలా పల్చటి పొర ఒకటి తీస్తారు. దాన్ని మందునీళ్ళలో ఉంచి అందులోని కణాలను విడదీస్తారు. చేతి మీద తెల్లటి పైపొర అరగదీసి ఆ కణాలున్న నీళ్ళు పరిచి కట్టు కడతారు. అవి అక్కడ బతికితే మెల్లగా రంగు పుడుతుంది.

"పాలల్లో తోడు వేసినట్టేనా? అడగవయ్యా" అన్నారు ఆంటీ. నాకు వచ్చినట్టు ఇంగ్లీషులో చెప్పాను.

డాక్టరమ్మ నవ్వేసింది. "యెస్ లా! సేమ్ లైక్ యోగర్ట్!"

తర్వాత డాక్టరమ్మ ఆంటీ వేళ్ళు వంచి చూసి, నొప్పి లేదు, దురద లేదు, పనికి అడ్డం లేదు కదా, మరి ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారు అని అడిగింది. అది నేను తెలుగులో చెప్పేలోపే ఆంటీ తన ఇంగ్లీషులో జవాబు చెప్పేశారు.

"ఐ గివ్ రైస్. పీపుల్ నో ఈట్."

డాక్టరమ్మకు అర్థం కాక నా వైపు తిరిగింది. నేను ఆ కాగితం మీద బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఆంటీయే నా భుజం తట్టి "పోనీలేవయ్యా, ఫారం నింపు" అన్నారు.

రెండు చేతులకూ ఒకేసారి కట్లు కడితే ఇబ్బందని ముందు కుడి చేతికి చేశారు. కట్టు ఉన్నన్నాళ్ళూ అంకుల్ ఆవిడకు అన్నం కలిపి పెట్టారు. కట్టు విప్పాక చెయ్యి ఎర్రగా, పుండులా కనబడితే పని కాలేదనే అనుకున్నాం. రెండు నెలలకు ఆవగింజలంత గోధుమ చుక్కలు తేలాయి. అవి పాకి పాకి కలుసుకున్నాయి. మొదట్లో అసలు రంగు కంటే ముదురుగా వస్తే "చింతపండు పులుసు పూసినట్టుంది" అని ఆవిడే ఎగతాళి చేసుకున్నారు. మళ్ళీ ఉగాది వచ్చేనాటికి రెండు వేళ్ళ కొసలు తప్ప కుడి చెయ్యి మునుపటి చెయ్యే అయింది.

ఆ ఉగాదికి అందరినీ పిలిచారు. అందరం వెళ్ళాం. బేసిను చుట్టూ కూర్చుని, మధ్యలో ఏమీ జరగనట్టు అరచేతులు చాపాం. ఆంటీ ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెట్టుకుంటూ వచ్చారు. తెల్లటి ఎడమ చెయ్యి బేసిను అంచు మీద, అందరికీ కనబడేలా ఉంది.

"ఎడమ చేతికి ఎప్పుడు చేయిస్తారాంటీ?" అని ఒకావిడ అభిమానంగానే అడిగింది.

"దానికి వద్దన్నానమ్మా. అన్నం పెట్టేది కుడి చెయ్యి. మీకోసం అది చేయించా. ఈ చెయ్యి నాది, ఇట్టాగే ఉంటది" అన్నారు ఆంటీ, చేతిలో ముద్ద ఆపకుండా.

అది హాస్యమన్నట్టు అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

తర్వాత ఒకసారి బస్టాపులో ఇద్దరమే ఉన్నప్పుడు ధైర్యం తెచ్చుకున్నాను. "ఆంటీ, ఆ రోజు ఆ స్పూన్లు..." అన్నాను. ఆవిడ నన్ను చివరి దాకా చెప్పనివ్వలేదు. "మకాన్ అయిందా నీకు?" అన్నారు. కోపం ఉంటే తిట్టి ఉండేవారు, క్షమించి ఉంటే విని ఉండేవారు. రెండూ చేయలేదు. మమ్మల్ని మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పిలిచి అన్నం పెట్టారు. మేం ఇళ్ళు మారి, ఊళ్ళు మారి, శనివారాలు వాటంతటవే ఆగిపోయాయి.

మొన్న ఆవిడను వాళ్ళ బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో పెట్టెలో పడుకోబెట్టారు. ఇక్కడి అంత్యక్రియల కంపెనీవాళ్ళు ఎంత శ్రద్ధగా చేస్తారో మీకు తెలుసు. పట్టుచీర, నుదుట రూపాయంత బొట్టు, గుండెల మీద రెండు చేతులు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. ఎడమ చేతికి మేకప్ వేశారు. "ఎంత బాగా కలిపేశారో చూడు, తేడానే తెలియట్లేదు" అని నా వెనక ఎవరో మెచ్చుకున్నారు.

అంకుల్ వంగి చాలాసేపు ఆ చేతిని చూశారు. "తడిగుడ్డ ఉందా?" అన్నారు. ఎవరో గుడ్డ తడిపి ఇచ్చారు.

"ఇప్పుడెందుకు అంకుల్, బాగానే ఉందిగా" అన్నారొకరు.

"ఇది మా ఆవిడ చెయ్యి కాదు" అన్నారాయన.

తుడిచారు. మెల్లగా, ఒక్కో వేలూ పట్టుకుని తుడిచారు. గోధుమ రంగంతా గుడ్డలోకి వచ్చేసింది. మణికట్టు నుంచి కణుపుల దాకా ఆ తెలుపు మళ్ళీ బయటపడింది. ఆ చేతిని కుడి చేతి మీద, పైకి కనబడేలా పెట్టి ఆయన పక్కకు జరిగారు.

పోయినవారి నోట్లో తలా నాలుగు బియ్యపు గింజలు వేయాలని కర్మ చేయించే తమిళ పెద్దాయన మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. నా వంతు వచ్చింది. నేను వేసినవాటిలో రెండు గింజలు పెదవుల మీద ఆగాయి. మిగిలినవి జారి ఆ తెల్లటి చేతి మీద పడ్డాయి. నా వెనక వచ్చినవాళ్ళవీ అలాగే పడ్డాయి. మూత వేసేముందు వాటిని తుడవబోతే అంకుల్ ఉండనివ్వమన్నారు.