పొట్టి సంతకం పెట్టని ఓర్విల్ గారు

ఓర్విల్ ప్రస్ గారు ఎవర్నీ నమ్మరు. మనమూ అందర్నీ నమ్మం గానీ, ఆయన సంగతి వేరు. "ఇవాళ ఎండ బాగా కాస్తోందండీ" అంటే కిటికీ దగ్గరికెళ్లి, చెయ్యి బయటపెట్టి చూసి, "ఊఁ" అనే మనిషి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని కార్వెల్ అనే చిన్న ఊరి వారపత్రికలో ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నారు. పేజీ అడుగున ఆయన పొట్టి సంతకం పడితేగాని అచ్చుయంత్రం కదలదు. యజమాని వచ్చి బతిమాలినా అంతే, ఆ ప్రెస్సు కట్టుబాటు అది.

పక్క బల్ల దగ్గర కూర్చుని వార్తలు రాసే వెర్నా లిండ్‌క్విస్ట్‌కి ఈయనతో రోజూ యుద్ధమే. ఒకసారి ఆమె ఎల్మర్ కోస్కీ అనే ముసలాయన పోయాడని రాసింది.

"శవాన్ని చూశావా?" అన్నారు ఓర్విల్ గారు.

"పాస్టరు గారే చెప్పారండీ!"

"ఆయన చూశాడా?"

ఒళ్లుమండి వెర్నా ఆ ఇంటికి ఫోన్ చేసింది. ఎల్మరే ఎత్తి, "ఎవరమ్మా?" అన్నాడు. పోయింది ఆయన అన్నగారట. ఓర్విల్ గారి అనుమతి లేకుండా ఊళ్లో ఎవరూ చచ్చే వీల్లేదని అప్పట్నుంచీ జనం చెప్పుకునేవారు.

ఇంకోసారి ఒక వృద్ధజంట తమ యాభయ్యో పెళ్లిరోజు ప్రకటన తెచ్చారు. "పెళ్లి కాగితం ఏదండీ?" అన్నారీయన. తీరా చూస్తే నలభై తొమ్మిదేళ్లే తేలింది. పెద్దబ్బాయి వయసు మాత్రం నలభై తొమ్మిదిన్నర. ఓర్విల్ గారు కాగితం మడిచి ఇచ్చేసి, "చాలా ఏళ్ల దాంపత్యం" అని అచ్చేయించారు.

వెర్నాకి కూడా ఆయన మీద ఒక అనుమానం ఉండేది. ఆయన వెనక ఒక ఇనప బీరువా ఉంది, దానికెప్పుడూ తాళం. ఏవేవో రాష్ట్రాల నుంచి ఉత్తరాలొచ్చి అందులోకి పోతుంటాయి. ఇంత శంకించే మనిషి ఇన్ని ఉత్తరాలు ఎవరికి రాస్తున్నట్టు? ఊళ్లోవాళ్ల గుట్టంతా పోగేస్తున్నాడేమోనని ఆమెకి గట్టి గుమానీ.

అలా ఉండగా పంతొమ్మిదివందల ఎనభై ఆరులో ఎన్నికలొచ్చాయి. శాసనసభకి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు రాండల్ మోబర్లీ, పత్రిక యజమానికి బావమరిది. మెరైన్ దళంలో చేరి కొరియా యుద్ధంలో వీరవిహారం చేశానని చెప్పుకుంటూ, ఏటా ఊరేగింపులో జీపు మీద ముందు నిలబడే మనిషి. రెండో ఆయన డెల్మర్ స్టకీ, పశువుల దాణా కొట్టు పెట్టుకున్నాడు. ఆర్మీ తరఫున తనూ కొరియా వెళ్లానని కరపత్రంలో ఒక ముక్క వేసుకున్నాడు.

ఎడిటర్ టాకెట్ వెర్నాని పిలిచాడు. "స్టకీ పేరుతో ఫైలే లేదని సెయింట్ లూయిస్ మిలిటరీ రికార్డుల ఆఫీసు రాసిందమ్మా. 'సైనికుడా, బూటకమా?' అని మొదటి పేజీలో పెద్దక్షరాలతో కొట్టు!"

"మరి మోబర్లీ గారి ఫైలు అడిగామా?"

"ఆయన్నేం అడుగుతాం? ఇరవై ఏళ్లుగా జీపు మీద ఊరంతా చూస్తూనే ఉందిగా!"

ఓర్విల్ గారు తలెత్తకుండానే అన్నారు. "జీపులు అద్దెకి దొరుకుతాయి."

ఆ మధ్యాహ్నమే ఆయన వెర్నాని వెంటబెట్టుకుని దాణా కొట్టుకి బయల్దేరారు.

"సైన్యంలో ఏం వెలగబెట్టావయ్యా?"

"వంటండీ" అన్నాడు స్టకీ.

"రెండొందల మందికి రోజూ ఎన్ని గుడ్లు పగలగొట్టేవాడివి?"

"గుడ్లెక్కడివండీ, గుడ్ల పొడి ఇచ్చేవాళ్లు. నీళ్లు కలిపి తిప్పుతూ ఉండాలి. ఆపితే అడుగంటుతుంది." చేతిలోని దాణా సంచి కింద పెట్టాడు. "నేను ఆపేవాణ్ణి."

ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "ఓడిపోతే ఓడిపోతాను, అది కాదు. పేపర్లో ఏదో వేస్తారటని విని మా ఆవిడ చర్చికి రావడం మానేసింది. నేను అక్కడున్నానండీ. ఆ ఒక్కటీ కాదనకండి."

దారిలో వెర్నా ఆగలేకపోయింది. "ఏమంటారు?"

"అబద్ధాలకోరు తుపాకీ పట్టానంటాడు గానీ గరిటె పట్టానని చెప్పుకోడు."

"అంటే నమ్మినట్టేగా?"

"నమ్మలేదు."

అట్నుంచి మోబర్లీ ఇంటికెళ్తే, ఆయన ఇద్దరికీ కాఫీ ఇప్పించి, కుర్చీలు తనే లాగాడు. సైన్యంలో పనిచేసిన కాగితం మాటెత్తగానే నిట్టూర్చాడు. "నా దగ్గరున్నది పోయిందండీ. సెయింట్ లూయిస్‌లో అసలు ఫైలు కూడా డెబ్బై మూడులో జరిగిన అగ్నిప్రమాదంలో బూడిదైపోయింది. ఏం చేస్తాం!"

"ఆ మంటల్లో పోయినవి ఆర్మీవీ, వైమానిక దళానివీ. మెరైన్ల ఫైళ్లకి సెగ కూడా తగల్లేదు" అన్నారు ఓర్విల్ గారు.

మోబర్లీ వాచీ చూసుకుని, ఎక్కడికో వెళ్లాలన్నాడు.

బయటికి రాగానే వెర్నా ఉలిక్కిపడింది. "స్టకీది ఆర్మీయే కదండీ! ఫైలు లేదంటే కాలిపోయి ఉండొచ్చుగా!"

"ఇన్నాళ్లకి నీకూ అనుమానించడం అబ్బిందమ్మాయ్" అన్నారాయన.

బుధవారం మొదటి పేజీ ప్రూఫు వచ్చింది. టాకెట్ పట్టుబట్టి కొట్టించిన శీర్షిక నల్లగా నిగనిగలాడుతోంది. ఓర్విల్ గారు చదివి, కలం జేబులో పెట్టుకున్నారు.

"సంతకం పెట్టండి!" అన్నాడు టాకెట్.

"ఇందులో మోబర్లీ ఏడీ?"

"ఆయనెందుకు?"

"ఒకడి జేబులు తడిమి, ఇంకొకడికి సలాం కొడితే దాన్ని తనిఖీ అనరు."

"మీ ఉద్యోగం పోతుంది, జాగ్రత్త!"

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

మిషన్ తిప్పే అతను ఈ ముచ్చటంతా విని, స్టూలు లాక్కుని సాండ్‌విచ్ విప్పుకున్నాడు. అప్పుడు ఓర్విల్ గారు బీరువా తాళం తీశారు. రెండు ఫైళ్లు బల్లమీద పడ్డాయి. ఇద్దరూ పోటీ ప్రకటించిన రోజే ఇద్దరి గురించీ వాకబు మొదలుపెట్టారట.

స్టకీ ఫైల్లో అతని దళం హాజరు పట్టీ నకలూ, పాత సార్జెంటు ఉత్తరమూ ఉన్నాయి. "డెల్మర్ స్టకీయా? వాడు వండిన గుడ్లు తిని ముప్ఫై మూడేళ్లయింది. నా కడుపు ఇంకా తేరుకోలేదు" అని రాశాడాయన.

"పొగిడి ఉంటే నమ్మేవాణ్ణి కాదు" అన్నారు ఓర్విల్ గారు.

మోబర్లీ ఫైలు ఇంకా పొట్టిది. దళంలో ఉన్న మూడేళ్లూ కాలిఫోర్నియా గోదాములో బూట్లు పంచాడు. కొరియా మొహమే చూడలేదు.

వెర్నా చూపు మాత్రం బీరువాలోనే ఉంది. వరసగా యాభై, అరవై ఫైళ్లు. స్కూలు బస్సు డ్రైవరు, మంగలి, ఇద్దరు ముగ్గురు విధవరాళ్ల భర్తలు, అందరూ సైన్యంలో పనిచేసి, ఆ మంటల్లో కాగితాలు కాలిపోయినవాళ్లే. ఒక్కొక్కరి కోసం దేశమంతా వెతికి సాక్షుల్ని పట్టుకున్నారీయన. ఆ విధవరాళ్లకి పెన్షన్లు ఎలా వచ్చాయో ఆమెకి అప్పుడర్థమైంది. గుట్టు పోగేస్తున్నాడనుకున్నందుకు సిగ్గుపడింది.

"వీళ్లందర్నీ కాగితం ఏదని పీక్కుతిన్నారు కదండీ!"

"ముందు నేనే గట్టిగా అనుమానించేస్తే, సర్కారు గుమాస్తాకి అనుమానించడానికి ఏమీ మిగలదమ్మాయ్."

టాకెట్ గడియారం చూశాడు, మిషన్ వైపు చూశాడు, చివరికి శీర్షిక పీకించాడు. ఇద్దరి చరిత్రా పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో పడింది. ఒకరు గరిటె తిప్పారు, ఒకరు బూట్లు పంచారు. గురువారం స్టకీ భార్య పది కాపీలు కొంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంది.

సోమవారం మోబర్లీ తలుపు తోసుకుని వచ్చాడు. "నా పరువు బజార్న పెట్టావు కదయ్యా!"

ఓర్విల్ గారు ఒక కాగితం ముందుకు జరిపారు. "మూడేళ్లు మచ్చ లేకుండా పనిచేసినవాళ్లకి సత్ప్రవర్తన పతకం ఇస్తారు. మీకు ఇవ్వడం మర్చిపోయారు. దరఖాస్తు నింపి ఉంచాను. సంతకం చేస్తే పంపిస్తాను."

మోబర్లీ రెండుసార్లు చదివాడు. కుర్చీలో కూలబడ్డాడు. "బూట్లిచ్చినందుకు పతకమా? జనం నవ్వరూ?"

"బూట్లు లేకుండా ఆ కొరియా మంచులో ఎవడు నడుస్తాడండీ?"

మోబర్లీ కలం తీసుకుని సంతకం చేశాడు. ఎప్పుడో దాచిపెట్టిన మూట విప్పినట్టు మాటలు వచ్చాయి. "పదకొండో సైజుకి ఎప్పుడూ కొరతేనయ్యా. ఒక్కడికీ తప్పు సైజు ఇవ్వలేదు నేను. నా చేతుల మీదుగా నలభై వేల జతలు వెళ్లాయి, తెలుసా?"

ఓర్విల్ గారు కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"నలభై వేలా? ఎవరు చూశారు?"