వేపాకు కట్టిన వాకిలి

హిందూపురంలో ఎండకు గొడుగు వేసుకొని తిరిగే మనిషిని ఆ రోజుల్లో నేనొక్కదాన్నే. వానకే గొడుగు తీసే అవసరం పెద్దగా పడని ఊరు మాది. బస్టాండులో పూలమ్మే ఆమె రోజూ అడిగేది, "ఏమక్కా, యాడన్నా వాన పడతాండాదా?" అని. మొదట్లో చిన్నబోయేదాన్ని. తర్వాత్తర్వాత "పెనుకొండలో పడతాండాదంట, తడిసొస్తా" అని బస్సెక్కడం నేర్చుకున్నాను.

పెనుకొండ బడిలో టీచరును. పొద్దున ఉత్తరంగా పోతాను, సాయంత్రం దక్షిణంగా వస్తాను కాబట్టి రెండుసార్లూ నీడ ఎడమవైపు సీట్లకే. ఆడవాళ్ల సీట్లూ అటే. ఆ ఒక్క విషయంలో దేవుడు నా పక్షాన ఉన్నాడు.

తొంభైలు సగం గడిచాక వచ్చింది నా జబ్బు. ముక్కుకు అటూ ఇటూ చెంపల మీద ఎర్రటి మచ్చ, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాగా. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, సుద్దముక్క పట్టుకోలేను. దువ్వెన నిండా జుట్టు. ఊళ్లో డాక్టర్లు రకరకాల పేర్లు పెట్టారు. చివరికి బెంగుళూరు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ లూపస్ అని తేల్చింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందట. మనవాళ్ల మాటలో చెప్పాలంటే కంచే చేను మేయడం. ఎండ తగలకూడదు. మాత్రలు ఒక్కరోజు కూడా సొంతంగా ఆపకూడదు, ఆపితే ప్రాణానికే ముప్పు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

అంటదని నాకు తెలుసు, బడిలో ఎవరికీ తెలియదు. స్టాఫు రూములో నా గ్లాసు మెల్లగా మిగతా గ్లాసుల నుంచి విడిపోయి కిటికీ మీదికి చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు. అనకుండా గ్లాసు జరిపేవాళ్లతో ఏం పోట్లాడతాం? మాత్రలకు మొహం గుండ్రంగా ఉబ్బింది. కుదరబోయిన సంబంధం వాళ్లు ఒకసారి చూసిపోయి మళ్లీ కబురు పెట్టలేదు. అద్దెగదిలో సాయంత్రాలు గోడతో మాట్లాడేదాన్ని. ఇది అతిశయం కాదు, నిజంగానే మాట్లాడేదాన్ని.

డాక్టరమ్మే చెప్పింది, మీ భాషలో నాలుగు మాటలు రాసి పంచమ్మా, మీ వైపు తెలియక ఎంతమంది ఉన్నారో అని. రాశాను. జనానికి మేలు చేద్దామనే కోరిక కొంత. ఇంకెవరైనా నాలాంటివాళ్లు దొరుకుతారనే ఆశ దానికంటే ఎక్కువ. ఈ మాట ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

అచ్చు వేయించడానికి చందాలకు తిరిగాను. గుడి అంటే ఇస్తారు, అన్నదానమంటే ఇస్తారు, పేరు నోరు తిరగని జబ్బుకు ఎవరిస్తారు? చివరికి హిందూపురంలో ఒక బట్టల అంగడి షావుకారు మొత్తం ఖర్చు పెట్టుకుంటానన్నాడు. కరపత్రం కింద తన అంగడి పేరు వేయాలి, అది ఒక షరతు. రెండోది, నేను రాసిన ఒక వాక్యం తీసేయాలి. ‘మొహం ఎర్రబడి జ్వరమొస్తే అమ్మవారనుకొని మాత్రలు మానకండి’ అన్న వాక్యం.

"అమ్మవారి జోలి మనకెందుకు టీచరమ్మా? చూసినోళ్లు నా అంగడికి వస్తారా?"

మా వైపు అమ్మవారు పోసిందంటే ఇక ఆ ఇంట్లో మందూ మాకూ బంద్. వాకిట్లో వేపాకు కడతారు. ఇంట్లో తిరగమోత వేయరు. వచ్చిన చుట్టం వేపాకు చూసి, పలకరించకుండా, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరుగుతాడు. అమ్మ దిగిపోయి తలకు పోసేదాకా అంతే. నాకు ఇదంతా తెలుసు. తెలిసే ఆ వాక్యం రాశాను. తెలిసే కొట్టేశాను. ఎలాగో ఒకలాగ అచ్చయితే చాలనుకున్నాను. వచ్చినప్పుడు చూస్తే జబ్బు పేరు కంటే అంగడి పేరే పెద్ద అక్షరాల్లో ఉంది.

బస్టాండుల్లో, రైల్వేస్టేషన్లలో, ఆసుపత్రి మెట్ల మీద పంచాను. కింద నా బడి చిరునామా ఉంది. రోజూ పోస్టుమేన్ కోసం చూసేదాన్ని. నెలల తరబడి ఏమీ రాలేదు. పెళ్లి చీరల ధరలు అడుగుతూ ఒక ఉత్తరం మాత్రం వచ్చింది.

తర్వాత ధర్మవరం నుంచి ఒక కార్డు. ‘అక్కా, నా మొగం మీద కూడా అట్లే ఉండాది. పిడికిలి ముడవలేక పోగు పట్టుకోవడం కష్టంగా ఉండాది. ఇది నయమైతాదా?’ ఆ కార్డు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకరికి జబ్బు ఉందని తెలిసి ఇంకొకరు అంత సంతోషపడటం పాపమే. పడ్డాను.

ఆ ఆదివారమే రైలెక్కాను. నేతగాళ్ల ఇల్లు. ఇరవై ఏళ్ల పిల్ల, మగ్గం మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి, నా మొహం పరీక్షగా చూసి, నవ్వింది. గ్లాసు జరపకుండా నన్ను చూసి నవ్విన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో.

"పొద్దున లేస్తూనే నీకూ వేళ్లు కట్టెలైతాయా అక్కా?"

"అయితాయి. పది దాటినాకే సుద్దముక్క పడతాను."

"నేను పోగు పది దాటినాకే. మా అమ్మ సోమరిపోతంటాది."

ఇద్దరం పిడికిళ్లు పక్కపక్కన పెట్టి ముడిచి చూసుకున్నాం. ఎవరి వేళ్లు ఎక్కువ ముడుచుకుంటాయని పందెం. ఆమే గెలిచింది.

బెంగుళూరు తీసుకుపోయాను. పరీక్షలు చేశారు, నా జబ్బే అన్నారు. మాత్రలు ఒక్కపూట కూడా ఆపొద్దని పిల్లకు పదేపదే చెప్పాను. తల్లికి చెప్పాలని తోచలేదు. వారానికో కార్డు రాసుకునేవాళ్లం. ఎవరికి ఎంత జుట్టు ఊడింది, ఎవరికి ఏ వేలు నొస్తోంది. చదివినవాళ్లకు రోత పుట్టే సంగతులు. నాకు మాత్రం వారమంతా ఆ కార్డు కోసమే గడిచేది.

ఒక వారం కార్డు రాలేదు. ఆదివారం పోయాను. సందు మలుపు తిరగ్గానే వాకిట్లో వేపాకు కనిపించింది.

కాళ్లు వాటంతట అవే ఆగాయి. చిన్నప్పటి నుంచి ఆగిన కాళ్లు. నేను మింగే మాత్రలు ఒంటి శక్తిని అణిచిపెడతాయని, నాకు అమ్మవారు సోకితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ హెచ్చరించిన సంగతి కూడా గుర్తొచ్చింది. భయపడ్డాను. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. పలకరించకుండా గొడుగు విప్పుకొని స్టేషనుకు తిరిగొచ్చేశాను. అమ్మ దిగాక తలకు పోస్తారు, అప్పుడు వద్దాం అనుకున్నాను. తొమ్మిది రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

పదో రోజుకు కార్డు వచ్చింది. చేతిరాత ఆమెది కాదు. పిల్ల పోయిందని ఎవరిచేతో రాయించారు.

వెళ్లాను. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. తల్లి నన్ను చూసి ఏడవలేదు, అప్పటికే ఏడ్చి అలిసిపోయినట్టుంది. జ్వరమొచ్చి మొహమంతా ఎర్రగా పొంగిందట. ఒంటి మీద యాడా పొక్కు లేదట.

"పొక్కుల్లేవు కదా, ఆ జబ్బేనేమో అనుకుంటిమమ్మా. బిడ్డ మాత్రలు అడుగుతానే ఉండె. ఇద్దామా వద్దా అని మా ఆయన, నేను ఒకటే తన్నుకులాడితిమి. ఆ పొద్దు ఎదురింటి అవ్వ వచ్చి చెప్పె, టీచరమ్మ యాపాకు చూసి మాట్లాడకుండా వెనక్కి పోయిందని. ఆ జబ్బు సంగతంతా తెలిసినామె, చదువుకున్నామె. ఆమే వెనక్కి పాయెనంటే ఇది అమ్మవారే అనుకుంటిమి. మాత్రల డబ్బీ అటక మీద పెట్టేస్తిమి."

ఆమె నన్ను నిందించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, మజ్జిగ తాగుతావా అని అడిగింది. నేనెందుకు వెనక్కి పోయానో చెప్పడానికి నోరు రాలేదు. నాకు తక్కువ కాని నోరు.

తర్వాత సొంత జీతంతో కరపత్రం మళ్లీ వేయించాను. అంగడి పేరు లేదు. కొట్టేసిన వాక్యాన్ని అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో వేయించాను. రెండువేల సంవత్సరం దాటాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. పరిగి నుంచి, అమరాపురం నుంచి, ఓబులదేవరచెరువు నుంచి. జవాబులు రాశాను, కొందరిని ఆసుపత్రికి తీసుకుపోయాను. వాళ్లెవరితోనూ పిడికిలి పందెం వేయలేదు.

ఇప్పుడు వేపాకు కట్టిన ఇల్లు కనిపిస్తే వాకిట్లోనే నిలబడి గట్టిగా అడుగుతాను, లోపల ఎవరైనా రోజూ మాత్రలు మింగేవాళ్లు ఉన్నారా అని. ఎవరీమె అని తిట్టినవాళ్లు ఉన్నారు, పిచ్చిదన్నవాళ్లు ఉన్నారు. తిట్టనీ. ధర్మవరంలో ఆ రోజు నన్ను ఎవరూ తిట్టలేదు. లోపల ఆమె మాత్రలు అడుగుతూనే ఉంది, నేను గొడుగు విప్పుకొని నడుస్తున్నాను.