బయటికి కనిపించే కుట్టు

పోయిన నెలలో మా మనవరాలు విశాఖపట్నం నుంచి వస్తూ ఒక చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను తొడుక్కోవడానికి కాదులెండి, నాకింకా అంత మతి పోలేదు. తను కుట్టినదే, చూసి ఎలా ఉందో చెప్పమని. మా అమ్మాయి కూతురు అది, అక్కడ బట్టల డిజైను చదువుతోంది. చదువుతోందని పేరే గాని, ఎప్పుడు చూసినా తనలాంటి పిల్లల్ని నలుగురిని వెంటేసుకుని, ఎవరికి ఏ బట్టలంటే ఇష్టమో, ఆ ఇష్టం ఎవరిని చూసి పుట్టిందో చెప్పుకుంటూ ఫోన్లలో వీడియోలు పెడుతుంటుంది. ఒకడు వాళ్ళ మామయ్య లుంగీ గళ్ళతో కోట్లు కుడతాడట. ఇంకో అమ్మాయి వాళ్ళ నాయనమ్మ కోక కట్టును చూసి ప్యాంటు కనిపెట్టిందట. నేనూ కళ్ళజోడు సవరించుకుని, నవ్వుకుంటూ అవన్నీ చూసేదాన్ని. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

గోధుమరంగు ముతక గుడ్డ. భుజం మీంచి వీపు దాకా తాడంత లావున ఒక కుట్టు, మడత లోపలికి పోకుండా బయటికే ఉబ్బి ఉంది. మెడ దగ్గర చిన్న పట్టీ మీద తెలుగులో "తెరచాప" అని నేయించి ఉంది. అదే మా బట్టల పేరు అమ్మమ్మా, అని ఆ పిల్ల మురిసిపోతూ చెప్పుకుపోతోంది. మన అనకాపల్లిలోనే, మెయిన్ రోడ్డు మీది కల్యాణమండపంలోనే మొదటిసారి అందరికీ చూపిస్తామనీ, నువ్వు ముందు వరసలో కూర్చోవాలనీ, మైకులో రెండు మాటలు మాట్లాడాలనీ. నేను చొక్కా మడిచి ఇచ్చేసి, పేరు మార్చమన్నాను. ఎందుకని అడిగింది. నాటుగా ఉంది, ఎవడూ కొనడు అన్నాను. అది అసలు కారణం కాదని నాకూ తెలుసు, నా మొహం చూసి దానికీ తెలిసే ఉంటుంది. పాపం, పట్టీలన్నీ నేయించేశామని నసుగుతూ లోపలికి పోయింది.

నా ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుంది. మన రోజుల్లో ఒంటి మీది బట్ట ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ అడగకుండా ఉంటే చాలనుకునేవాళ్ళం. అక్క విప్పింది చెల్లి, పెద్దమ్మ కూతురు విడిచింది మనం. పండక్కి కొన్నా ఒక పొడుగు తానులోంచి ఇంటిల్లిపాదికీ ఒకే పువ్వు. దాన్ని స్టైలు అని ఎవరైనా అని ఉంటే వెక్కిరిస్తున్నారనుకునేవాళ్ళం.

మాది సముద్రం ఒడ్డు. అచ్యుతాపురం దాటి ఇంకా కిందికి పోవాలి. ఇప్పుడైతే ఆ దారంతా కంపెనీ బస్సులే గాని, అప్పుడు ఇసుక, సరుగుడు తోటలు. మా అయ్య, అంటే మా నాన్న, తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది, ఊళ్ళవాళ్ళకి వింతగా ఉంటుంది. సూది పట్టేది మగవాళ్ళే. వల తెగినా, తెరచాప చిరిగినా ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుని మగవాళ్ళే కుట్టుకుంటారు. ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకొస్తారు. మా అమ్మ ఒక్క వంజరం చేప దగ్గర నలుగురు బేరగాళ్ళని నీళ్ళు తాగించేది గాని, ఊడిన బొత్తం కుట్టమంటే సూదిలో దారం ఎక్కించడం రాదు. అందుకని మా ఇంట్లో పిల్లల బట్టలు కూడా అయ్య సూది కిందికే వచ్చేవి.

తెరచాప పాతబడ్డాక బాగున్న మేర కోసి దాచేవాళ్ళు. ఏటేటా చెట్టు బెరడు ఉడికించిన నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ అది. ఎర్రటి గోధుమరంగు, ఉతికినా పోదు, చింపినా చిరగదు. మా వీధి పిల్లలందరివీ దాంతో కుట్టిన లాగులూ పావడాలే. అందరం ఒకే రంగులో తిరుగుతుంటే ఎవరు ఎవరిని చూసి నవ్వుతారు? అది పేదరికమనీ తెలియదు, మరోటనీ తెలియదు.

మా అత్త, అయ్య తోబుట్టువు, అనకాపల్లిలో చేపలమ్ముకుంటూ ఉండేది. ఐదో తరగతి అయ్యాక నన్ను ఆవిడ దగ్గర దింపి ఆడపిల్లల హైస్కూల్లో వేశారు. పట్నం బడికి వెళుతున్నానని అయ్య ప్రత్యేకంగా ఒక కొత్త పావడా కుట్టాడు. తెరచాపలన్నిటిలోకెల్లా మెత్తబడిన ముక్క ఏరి, నడుం నుంచి అంచు దాకా నాలుగైదు పలకల్లాంటి ముక్కలు కలిపి కుట్టాడు. నలుగుతుందేమోనని బస్సులో కూర్చోకుండా నిలబడే వచ్చాను. సముద్రపు గాలికే లొంగని గుడ్డ, నేను కూర్చుంటే నలుగుతుందా! అంత మురిపెం నాకు దాని మీద.

బడిలో కుట్టు పని పీరియడు ఉండేది. టీచరమ్మ ఆ రోజు కుట్టు అంచు లోపలికి ఎలా దాచాలో చెబుతోంది. మంచి కుట్టంటే కనపడకూడదట. చెబుతూ చెబుతూ నా పావడా మీద ఆవిడ కన్ను పడింది. లేచి రమ్మని, అందరి ముందూ అటూ ఇటూ తిప్పి, కుట్టు ఇదిగో ఇలా ఉండకూడదు, తిరగా మరగా తెలియకుండా, లోపలుండాల్సిన మడత బయటికి పెట్టి కుట్టేశారు అని చూపించింది. ఆవిడకి నా మీద కోపమేమీ లేదు, పాఠానికి నేను పనికొచ్చాను, అంతే. మీ అమ్మ కుట్టిందా అని అడిగింది. కాదండీ, మా అయ్య కుట్టేడండీ, అని గర్వంగానే చెప్పాను.

ఒక్కసారిగా గది గదంతా నవ్వింది. ఆడపిల్లకి తండ్రి పావడా కుట్టడమేమిటని ముందు బెంచీలో ఒకమ్మాయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఏం గుడ్డ ఇది అని ఇంకెవరో అడిగితే, బుద్ధి లేక, తెరచాప అని అదీ చెప్పాను. ఇంకేముంది, ఆ రోజు నుంచి నా పేరు పోయి తెరచాప మిగిలింది. జెండా వందనం నాడు గాలి వీస్తే, అదిగో తెరచాప లేచింది, మనల్ని కూడా సముద్రంలోకి లాక్కుపోతుంది అనేవారు. బెల్లం మార్కెట్టు దగ్గర ఎదురైనా ఆ పేరుతోనే పిలిచేవారు. పావడా వెనక వైపు పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని గోడ వారగా నడవడం అలవాటైపోయింది.

అయ్య నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఆపుకోలేకపోయాను. అత్త ఇంటి అరుగు మీద కూర్చుని వెక్కుతూ అంతా చెప్పేశాను. ఈ కుట్టు ఎందుకిలా బయటికి పెట్టావు, తిరగా మరగా తెలియదా నీకు అని కూడా అన్నాను. ఆ మాట టీచరమ్మది. అయ్య పావడా అంచు పట్టుకుని ఆ కుట్టు మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

"ఇంక నాను కుట్టన్లే అమ్మా. ఏడకు," అన్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు నన్ను మెయిన్ రోడ్డు మీది దర్జీ కొట్టుకి తీసుకెళ్ళాడు. నేను లోపల కొలతలు ఇస్తుంటే ఆయన మెట్ల కింద, ఎండలో, తుండుగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. సెలవులకి ఇంటికి వెళితే నా ఎదుట సూది తీసేవాడే కాదు. తెరచాప భుజాన వేసుకుని ఒడ్డుకు ఆ చివరికి, తెప్పల వెనక్కి పోయి కూర్చునేవాడు. అంత దూరం ఎందుకే అని అమ్మనడిగితే, అక్కడ నీడుంటాది అని ఏదో అనేది. అక్కడ నీడ లేదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. పట్నం నుంచి నాతో వచ్చిన సిగ్గు ఊళ్ళో కూడా నన్ను వదల్లేదు మరి.

ఆ తరవాత చదువయ్యింది, ఈ ఊళ్ళోనే సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. నా గంజి పెట్టిన చీరలకి ఈ ఊళ్ళో ఒక పేరు ఉండేది. చీరకి తగ్గ జాకెట్టు, జాకెట్టుకి తగ్గ అంచు. పాఠం కన్నా ముందు నా చీర చూసేవారు పిల్లలు. మా టీచరుగారి కుచ్చిళ్ళు స్కేలు పెట్టి గీసినట్టుంటాయని ఒకమ్మాయి వాళ్ళమ్మతో చెప్పిందట. జాకెట్టు లోపలి కుట్టు ఒక్క పోగు బయటికి వచ్చినా దర్జీ మొహాన కొట్టేదాన్ని. నా నోటికి జడిసి దర్జీలే మారిపోయేవారు. సొంతూరు ఎక్కడని ఎవరైనా అడిగితే అచ్యుతాపురం వైపు అని ఊరుకునేదాన్ని. సముద్రం దాకా వెళ్ళేది కాదు నా జవాబు. అయ్య పోయేనాటికే ఒడ్డు మీద ఫైబరు పడవలూ మోటార్లూ వచ్చేశాయి, తెరచాపల అవసరం తీరిపోయింది.

ఇలాంటి నేను ఆ పేరుతో బ్యానరు కట్టిన కల్యాణమండపంలో, ముందు వరసలో, నాతో పనిచేసి రిటైరైన లెక్కల టీచరుగారి పక్కన కూర్చున్నాను. రానని మొరాయిస్తే మా అమ్మాయి చీవాట్లు పెట్టి తీసుకొచ్చింది. పిల్లలు ఒక్కొక్కరూ వేదిక ఎక్కి తమ బట్టల కథ చెబుతున్నారు. గళ్ళ కోటు కుర్రాడు మా మామ లారీ తోలేవాడు, ఇది ఆయన లుంగీయే అని తల ఎత్తుకుని చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. మా పిల్ల వంతు వచ్చేసరికి భూమి చీలితే బాగుండుననుకున్నాను.

అది చెప్పింది. ముత్తాత తెప్ప మీద వేటకెళ్ళేవాడనీ, ఆయన చేతి కుట్టే తన స్టైలుకి మూలమనీ, ఆ సంగతులన్నీ ఊళ్ళో ఉన్న చిన్నతాత, అంటే మా తమ్ముడు, చెప్పాడనీ. కుట్టు మడత బయటికి ఎందుకు పెట్టేవాడని తాను అడిగితే ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెబుతానంది.

"తెరసాప గుడ్డ మొరటుది గదమ్మా. మడత లోపలుంటే పిల్ల నడుం ఒరుసుకుపోతాదని, అక్క పావడాకి బయటికెట్టి కుట్టేడంట మా అయ్య, అమ్మ సెప్పేది."

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. తిరగా మరగా తెలియదనుకున్నాను ఆ మనిషికి! ఆ మాట ఆయన మొహాన అన్నాను కూడా. అయినా ఆయన, నీ ఒంటికి గుచ్చుకోకూడదనమ్మా అని ఒక్క ముక్క చెప్పుకోలేదు. లెక్కల టీచరుగారు నా వైపు వంగి, ఈ పెద్దాయన మీకేమవుతారండీ అని అడిగారు. మా అయ్యండి అన్నాను.

అప్పుడే మా పిల్ల మైకు పట్టుకుని కిందికి దిగి నా దగ్గరికి వచ్చింది. మిషను మీద కుడితే ఆ కుట్టు రెండు ఉతుకులకే ఊడిపోతోందట. చేత్తో ప్రయత్నించినా కుదరడం లేదట. చిన్నతాత నా పావడా నాటికి చంటివాడు, మోటారు పడవల కాలంలో పెరిగినవాడు, సూది పట్టనే లేదు.

"నువ్వు దగ్గరుండి చూసేవుంటావు కదా అమ్మమ్మా. రెండంచులూ కలిపి సూది ఎట్నుంచి తీసేవారు? ఒక్కసారి చేసి చూపించవా?"

సూదీ దారం కూడా తెచ్చుకుంది, పిచ్చి తల్లి. నా చేతిలో పెట్టింది. పిల్లలంతా చుట్టూ మూగి, కొందరు కింద మోకాళ్ళ మీద కూర్చుని, నా వేళ్ళ వంకే చూస్తున్నారు.

"నాకు తెలీదే. నేర్చుకునే ఈడొచ్చేసరికి నా ముందర కుట్టడం మానేసేడు," అన్నాను.

పెద్దదాన్ని కదా, మరిచిపోయాననుకున్నారు. పర్వాలేదు అమ్మమ్మగారూ అని ఆ గళ్ళ కోటు కుర్రాడు నా భుజం తట్టాడు. చప్పట్లు కూడా కొట్టారు. తరగతిలో నవ్విన నాడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఆ చప్పట్లప్పుడు అంతకన్నా తెలియలేదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే మా పిల్ల నా చెయ్యి పట్టుకుని, పోనీ పేరు మార్చేయమంటావా అని మెల్లిగా అడిగింది. వద్దు, ఉంచు అన్నాను. బడిలో నాకు ఆ పేరు ఎలా వచ్చిందో అప్పుడు చెప్పాను, ఇన్నాళ్ళకి మొదటిసారి. అది ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

కాలం మారింది, మంచికే మారింది. మా రోజుల్లో ఏది దాచుకోలేక చచ్చామో దాన్నే ఈ పిల్లలు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. ఇది మా తాతది, ఇది మా మామది అని పదిమందిలో చెబుతున్నారు. నవ్వేవాళ్ళు తగ్గారో, వీళ్ళకి సిగ్గే తక్కువో నాకు తెలియదు గాని, చూస్తుంటే ముచ్చటేస్తుంది, అసూయ కూడా వేస్తుంది. ఇప్పుడా ఒడ్డున తెరచాపా లేదు, కుట్టేవాడూ లేడు. ఆ సెలవుల్లో ఒక్క పూట, ఒకే ఒక్క పూట, ఆ తెప్పల వెనక్కి నడిచి వెళ్ళి మా అయ్య పక్కన ఇసుకలో కూర్చుని ఉంటే, ఆ పిల్ల చేతిలోంచి సూది అందుకుని ఇదిగో ఇలాగమ్మా అని చూపించేదాన్ని.