అసిటోన్ గీత

నా ల్యాబిప్పుడు బోయిగూడలో, మూడో అంతస్తులో, వంటింటి పక్కన వేసుకున్న మడత బల్ల. సామానంతా ఊరికే దొరికిందే. అణువుల బొమ్మలు గీసుకునే సైటొకటి, రసాయనాల గుణాలు వెతుక్కునే సైటొకటి, ఎవరెవరో తమ ల్యాబుల్లో తీసిన స్పెక్ట్రాలు నలుగురి కోసం పెట్టే సైటొకటి. ఏదీ డబ్బులడగదు, ఎలా ఉన్నావనీ అడగదు. నాలుగే బంధాలుండాల్సిన కార్బన్‌కు ఐదోది గీస్తే మాత్రం బొమ్మల సైటు ఎర్రబడి హెచ్చరిస్తుంది. రోజు మొత్తంలో నన్ను తప్పుపట్టేది అదొక్కటే.

మందుల కంపెనీలో మా రీసెర్చి విభాగం మూసేశాక ఈ పనికి వచ్చాను. కోచింగ్ సెంటర్ల పుస్తకాలకు కెమిస్ట్రీ బొమ్మలు గీసిస్తాను. పని వాట్సాప్‌లో వస్తుంది, వాట్సాప్‌లోనే పోతుంది. బదులుగా ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది. నేను పొద్దస్తమానం కంప్యూటర్లో సీరియళ్లు చూస్తానని కింది ఫ్లాటావిడ అందరికీ చెప్పిందట. చెప్పుకోనీ. స్టేషన్ మైకులో రైళ్ల రాకపోకలు చెప్పే ఆడగొంతు తప్ప నా ఇంట్లోకి వేరే మాట రాదు. అది కూడా రికార్డు చేసిన గొంతే.

కంపెనీలో నా పక్క బల్ల అక్కది. సొంత అక్క కాదు. నాకంటే ముందు చేరింది, పని నేర్పింది, తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టేది. మంచి పనిమంతురాలు, ఒక్క పాడలవాటు తప్ప. మేం చేసిన పదార్థం అనుకున్నదేనా కాదా అని తేల్చుకోవడానికి దాన్ని పెన్సిల్ కంటే సన్నని గాజు ట్యూబులో పోసి ఎన్ఎంఆర్ మెషిన్‌లో పెడతాం. అది కాగితం మీద గీతలు లేపి చూపిస్తుంది, దాన్నే స్పెక్ట్రమ్ అంటాం. ఏ గీత ఎక్కడ లేచిందో చూసి పదార్థాన్ని గుర్తుపడతాం. ట్యూబును ముందు అసిటోన్‌తో కడిగి, బాగా ఆరబెట్టాలి. ఆరకపోతే మిగిలిన ఆ కాస్త అసిటోన్ కూడా తన గీత తాను గీసుకుంటుంది, రెండు పాయింట్ ఒకటి ఏడు దగ్గర, నిటారుగా. అక్క తీసిన ప్రతి స్పెక్ట్రమ్‌లోనూ ఆ గీత ఉండేది.

నేను సణిగితే, "ఎండేదాంక ఎవరాగుతరే? మెషిన్ మీద మన టైమ్ అయిపోతది. అది అసిటోన్ అని నాకెరుకనే గదా," అనేది.

ఇంకా సణిగితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సారే ఏమంటలేడు, నీకేందీ పరేషాన్?" అని నవ్వి, ఆ గీత పక్కన పెన్సిల్‌తో 'ఇది వదిలెయ్యండి' అని రాసేది.

విభాగం మూసేసిన రోజు, రోజూ ఫోన్ చేసుకుందామనుకున్నాం. కొన్నాళ్లు చేసుకున్నాం కూడా. తర్వాత ఆమె నంబరు పనిచేయడం మానేసింది. కాప్రాలో చెరువు దగ్గర ఆమె అద్దెకున్న ఇంటికి వెళ్తే, వేరేవాళ్లు తలుపు తీశారు. "వాళ్లు ఖాళీ చేసిన్రమ్మా, యాడికి పోయిన్రో తెల్వదు," అన్నారు. నాకు కోపమొచ్చింది. మాటైనా చెప్పకుండా పోవడానికి నేనేమన్నా పరాయిదాన్నా? ఆ కోపం ఇప్పటికీ ఉంది. దానికంటే బెంగ ఎక్కువుంది.

పోయిన వానాకాలం ఒక పాఠం కోసం స్పెక్ట్రాల సైటులో ఒక పదార్థాన్ని వెతికాను. మా బల్లల మీద ఎన్నోసార్లు చేసిందే. తెరిస్తే గీతలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. వాటితోపాటు రెండు పాయింట్ ఒకటి ఏడు దగ్గర నిటారుగా ఇంకొకటి. పెట్టినవాళ్ల పేరు లేదు, ఊరు మాత్రం హైదరాబాద్ అని ఉంది. కింద ఇంగ్లీషులో చిన్న ముక్క, ఆ గీతను వదిలెయ్యండి అని.

ట్యూబులు సరిగ్గా ఆరబెట్టని కెమిస్టులు ఊరికి వందమంది ఉంటారు. ఆ సంగతి నాకు తెలియదా? తెలిసీ నమ్మాను. అక్క మళ్లీ ఎక్కడో తెల్లకోటు వేసుకుందనీ, మెషిన్ ముందు తొందరపడుతోందనీ అనుకుంటే ప్రాణం లేచొచ్చింది. సైటులోనే సందేశం పంపే వీలుంది. "అక్కా, నువ్వేనా? ఇంక సుత ట్యూబు ఆరబెడ్తలేవా? ఒక్కసారి ఫోన్ చెయ్," అని రాసి నా నంబరిచ్చాను. అప్పటి నుంచి ఫోన్‌ను స్నానాల గది దాకా మోసుకెళ్లాను. క్రెడిట్ కార్డు కావాలా అని అడిగిన అమ్మాయితో కూడా కాసేపు మాట్లాడాను.

ఒక పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే జవాబు వచ్చింది.

"మేడమ్, నేను మీ అక్కను కాదు. డిగ్రీ కాలేజీల లెక్చరర్‌ను. మా దగ్గర కెమిస్ట్రీకి నేనొక్కణ్ణే. ట్యూబు నేనే కడిగిన, ఆరకముందే పెట్టిన, తప్పు నాదే. ఇవన్నీ పెడ్తున్నగానీ ఎవరన్నా చూస్తున్నరా లేదా అనుకునేటోణ్ణి. మీరు గింత శ్రద్ధగా చూసినందుకు మస్తు సంతోషమైంది. మళ్ల తీయించి సరిచేసిన. ఒక్కసారి చూసి చెప్పుండ్రి."

స్టవ్ కట్టేసి సైటు తెరిచాను. పాతది తీసేసి కొత్తది పెట్టాడు. రెండు పాయింట్ ఒకటి ఏడు దగ్గర ఏమీ లేదు, చదునుగా ఉంది. కింద వదిలెయ్యమన్న ముక్క కూడా తీసేశాడు. పాతదాన్ని నా కంప్యూటర్లో దాచుకుందామని నాకు తోచనే లేదు. ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాను. అక్క గురించీ అలాగే అనుకున్నాను.

పాపం, ఆయన అక్కడ నా జవాబు కోసం చూస్తుంటాడు. అలా చూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఇప్పుడు చాలా శుభ్రంగా వచ్చింది సర్," అని ఏడుస్తూనే రాసి పంపాను.