కొండ మీద ఆగినవాడు

ఆదిభట్లలో కంపెనీలు వచ్చి, వాళ్ల బస్సులు సాగర్ రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి తిరగడం మొదలైన రోజుల్లో నా ఉద్యోగం పోయింది. ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై మూడేళ్లు ఆఫీసు పని చూశాను. స్కూలు స్థలం ప్లాట్ల కింద పోయింది. ఏప్రిల్ పరీక్షలు కాగానే గేటుకు తాళం వేశారు. మా భూమి కూడా అలాగే పోయింది కనుక నాకది కొత్తగా అనిపించలేదు. కాకపోతే మా భూమికి ధర వచ్చింది అది మా చేయి దాటిన ఎన్నో ఏళ్ల తర్వాత.

మా తాత ఊరికి పటేల్. నా దాకా వచ్చేసరికి ఆ పిలుపు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అది కూడా ఒక్కరి నోట్లోనే మిగిలింది. అతను బస్టాండు వెనక సైకిల్ రిపేరు దుకాణం నడిపే ఉస్తాద్. వాళ్ల నాయన మా తాతకు బండి తోలాడు, మా పొలం దున్నాడు. నేను స్కూలుకు ఎప్పుడూ సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి కాబట్టి వారానికోసారైనా ఆ దుకాణం ముందు ఆగేవాణ్ణి. మోటారుసైకిల్ కొనలేక తొక్కుతున్నాడని అనుకునేవాళ్లు అనుకున్నారు. నేను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

జూన్ చివర్లో ఒక సాయంత్రం ఉస్తాద్ నా సైకిల్ గొలుసుకు నూనె వేస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"పటేలా, ఆదిభట్ల రోడ్డు మీద దుకాణానికి మల్గి కిరాయికి తీసుకుంటున్న. గేర్ సైకిళ్లు పెడ్త."

"మంచిదే."

"గా కంపెనీలళ్ల పిల్లలు ఇంగ్లీషుల అడుగుతరు. సైకిల్ తోని వచ్చే బుక్కులు గూడ ఇంగ్లీషే. నాకు చెయ్యి వస్తది, సదువు రాదు. నువ్వు రారాదా?"

"నీ దగ్గర పనికా?"

"నా దగ్గర్నే. ఇంకెవలున్నరు?"

ఇంటి అద్దె సంగతి, రెండు నెలలుగా నేను పని లేకుండా తిరుగుతున్న సంగతి అతనికి తెలుసు. తెలిసినట్టు కనపడనివ్వలేదు. ఆలోచించి చెప్తానన్నాను. హయత్‌నగర్‌లో ఒకాయన తయారుగా ఉన్నాడనీ, ఎక్కువ రోజులు ఆపలేననీ అన్నాడు. పక్కనున్న టిఫిన్ హోటల్ టీవీలో అప్పుడే ఫ్రాన్స్ సైకిల్ పందెం ప్రకటన వస్తోంది.

"గా పందెం అయిపోయినాక చెప్త," అన్నాను.

"గది మూడు వారాలు."

"అవ్."

"సరె. ఆఖరి దినం దాటితె మాత్రం నేను ఆగ."

అలా ఆ జూలైలో నేను రోజూ సాయంత్రం ఆ హోటల్లో కూర్చోవలసి వచ్చింది. హోటల్ యజమానిది గుంటూరు వైపు. ఇరవై ఏళ్ల కింద వచ్చి స్థిరపడ్డాడు. ఆయన టీవీ క్రికెట్ కోసం పెట్టింది. ఆ నెలలో చూడదగ్గ మ్యాచులు లేవు. పందెం దారిపొడవునా కనపడే పొద్దుతిరుగుడు చేలు చూసి, "ఎంత చక్కగా పండించారండీ," అని రిమోట్ మాకు వదిలేశాడు. నాకు ఆ పందెం పద్ధతి ముందే తెలుసు. స్కూలుకు వచ్చే ఇంగ్లీషు పేపర్లో ఏళ్ల తరబడి చదివాను. ఉస్తాద్‌కు రెండు రోజుల్లో అర్థమైంది. హోటలాయనకు చివరిదాకా కాలేదు.

"ఇవాళ గెలిచినవాణ్ణి వదిలేసి, పదకొండో వాడికి పసుపు చొక్కా వేస్తారేంటండీ?"

"అన్ని రోజుల టైము కలిపి చూస్తరు. ఎవరిది తక్కువుంటె వాళ్లది," అన్నాను.

"అంటే ఒక్క రోజూ గెలవకుండా పందెం గెలవొచ్చా?"

"గెలవొచ్చు."

"అదేం గెలుపండీ. మావాణ్ణి చూడండి, అప్పుడే మూడు రోజులు గెలిచాడు."

ఆయన 'మావాడు' అన్నది చదును నేల మీద ఆఖరి నిమిషంలో దూసుకొచ్చే ఒక బలిష్ఠుణ్ణి. ఉస్తాద్ నవ్వాడు. "అన్నా, కొండలు మొదలు గానీ. నీ మనిషి సామాన్ల బండితోని కలిసి వస్తడు."

"రానివ్వండి. దిగాక చూసుకుంటాడు."

నా ఎంపిక పొడుగాటి మనిషి. ఒక పెద్ద జట్టుకు నాయకుడు. వాళ్ల నాన్న కూడా పేరున్న సైకిలిస్టేనని చెప్పారు. కొండెక్కేటప్పుడు అందరూ తలలు ఊపుతూ, నోళ్లు తెరిచి ఎక్కుతుంటే ఇతని భుజాలు కదలవు. రోజుకు నాలుగు సెకండ్లు, ఆరు సెకండ్లు సంపాదిస్తాడు, ఎక్కడా పోగొట్టుకోడు. అలాంటివాడే గెలవాలని నా నమ్మకం. అతను గెలిస్తే ఉస్తాద్‌కు పని వద్దని చెప్పొచ్చని కూడా లోపల అనుకున్నాను. ఉస్తాద్ ఎంపిక కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. అతను నాయకుడి కోసం పనిచేసే పొట్టివాడు. వెనక కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని వస్తాడు. నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కుతాడు.

"దమ్ము గాయనకే ఉన్నది పటేలా. నీ మనిషి గాయన ఎనక దాక్కోని వస్తుండు."

"దాక్కునుడు కాదు. అది జట్టు కట్టుబాటు. ఒకరు నాయకుడు, మిగతావాళ్లు ఆయన కోసం."

"నేను హయత్‌నగర్ పోయినప్పుడల్లా లారీ ఎనక పడుతుంటి. గాలి తగలకపోతె నాకు గూడ మస్తు దమ్మున్నట్టే అనిపిస్తుండె. లారీ పక్కకు మలిగినాక తెలుస్తుండె నా సంగతి."

హోటలాయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. నాయకుడికి బలం ఒక్కటే చాలదనీ, బుద్ధి, ఓపిక, పేరు కాపాడుకోవాలన్న పట్టుదల కావాలనీ చాలాసేపు చెప్పాను. పందెంలో మిగిలిన జట్ల నాయకుల్ని కూడా ఒక్కొక్కరినీ పక్కన పెట్టాను. ఒకడు ఎండకు ఆగడు, ఒకడు దిగేటప్పుడు భయపడతాడు, ఇంకొకడికి సాయం చేసేవాళ్లు లేరు. ఉస్తాద్ అన్నీ విని, "నువ్వు చెప్పిందంతా మంచిగున్నది. పొట్టాయన గురించి మాత్రం ఒక్క మాట చెప్పలే," అన్నాడు.

మూడో వారం బుధవారం నాడు పెద్ద కొండ వచ్చింది. ఆ సాయంత్రం వాన పడుతోంది. హోటల్లో ముగ్గురమే ఉన్నాం. శిఖరం ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా మిగిలిన జట్ల నాయకులంతా వెనకబడ్డారు. ముందు పొట్టివాడు, వెనక పసుపు చొక్కాలో నా మనిషి. పొట్టివాడు సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు తొక్కాడు. అంతే, ఇద్దరి మధ్యా పది గజాల ఎడం వచ్చింది. తర్వాత ఇరవై. నా మనిషి భుజాలు మొదటిసారి ఊగడం చూశాను.

ఉస్తాద్ బల్ల మీంచి లేచాడు. "పో," అన్నాడు మెల్లగా. "పో, ఎనకకు చూడకు."

పొట్టివాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. చెవిలో జట్టు మేనేజరు మాట వినపడే రేడియో ఉంటుంది. తల తిప్పి చూశాడు. తర్వాత తొక్కడం మానేశాడు. నాయకుడు వచ్చి తన వెనక చక్రం అందుకునేదాకా ఆగి, అతన్ని వెంట పెట్టుకుని పైదాకా తీసుకుపోయాడు.

"అదెట్ల ఆగుతడు పటేలా?"

"ఆగాలె. ఒప్పుకున్న పని అది. ఆగకపోతె మాట తప్పినట్టు."

ఉస్తాద్ కూర్చున్నాడు. టీవీ వైపే చూస్తూ అన్నాడు. "మా నాయిన గూడ గట్లనే ఆగిండు."

నాకు అర్థమైంది. కౌలు చేసేవాళ్ల పేర్లు రాసుకోవడానికి తాసీలు కచేరీ మనుషులు ఊరికి వచ్చిన రోజు సంగతి అది. పేరు రాయించుకుంటే దున్నేవాడికి భూమి మీద హక్కు వస్తుంది. వాళ్ల నాయన దున్నే రెండెకరాలు బావి పక్కన ఉండేవి. మా అరుగు మీద అందరి ముందూ అడిగారట, నువ్వు దున్నే పొలం ఏదని. ఆయన మా తాత ముఖం చూసి, నేను దున్నేదేమీ లేదు, జీతానికి ఉన్నాను అన్నాడట. మా అమ్మ ఈ కథ చిన్నప్పట్నుంచీ చెప్పేది. సర్కారు ఇస్తానన్నా వద్దన్న నమ్మకస్థుడు మన ఇంట్లో ఉండేవాడని చెప్పేది. వింటూ నేను నిటారుగా కూర్చునేవాణ్ణి. అది మా ఇంటి గొప్పతనం అనుకున్నాను.

తర్వాత మావాళ్లు ఆ రెండెకరాలతో సహా అంతా అమ్మారు. వాళ్ల నాయన పెళ్లాం పిల్లల్ని తీసుకుని కూలికి మంచాల వెళ్లిపోయాడు.

"వాన తగ్గింది, పోత," అని లేచాను. వాన తగ్గలేదు.

రెండు రోజులు హోటల్ వైపు వెళ్లలేదు. మూడో రోజు పొద్దున సైకిల్ మీద ఆదిభట్ల వైపు వెళ్లాను. మా పొలం ఉన్నచోట ఇప్పుడు పొడుగాటి ప్రహరీ. బావి ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. అక్కడ బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. గేటు దగ్గరి కాపలా మనిషి వచ్చి, "ఎవలు కావాలె సార్?" అని అడిగాడు. ఎవరూ వద్దన్నాను. అతను వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. నేనే వచ్చేశాను. ఆ భూమిని తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. ఇవ్వగలిగిందేదో ఆలోచించుకుంటూ ఎదురుగాలిలో ఇబ్రహీంపట్నం దాకా తొక్కాను.

ఆ రోజు శనివారం, పందెంలో ఒంటరి పరుగు. ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరాలి. ముందు గాలి కాసేవాడు ఉండడు. పసుపు చొక్కా ఎవరిదో ఆ సాయంత్రం తేలిపోతుంది. నేను హోటల్‌కు కాకుండా నేరుగా దుకాణంలోకి వెళ్లాను. ఉస్తాద్ ఒక చక్రాన్ని తిప్పి వంకర చూస్తున్నాడు.

"ఏం పటేలా, జరమొచ్చెనా? రెండు దినాలు కనబడలే."

"జరం కాదు." నిలబడే చెప్పాను. "మీ నాయిన సంగతిని మా ఇంట్లో మా గొప్ప కింద చెప్పుకున్నం. అది తప్పు. ఆయనకు రావలసింది మా తాత రానియ్యలేదు."

ఇంత చిన్న మాట కోసం రెండు రాత్రులు నిద్ర పోలేదు. ఉస్తాద్ చక్రం ఆపాడు.

"మా నాయిన గూడ గొప్పగనే చెప్పుకుంటుండె," అన్నాడు. "నాకు కోపం గందుకే."

పక్కనుంచి హోటలాయన కేక వేశాడు, మొదలైపోయింది రండి అని.

"నీ దగ్గర పని చేస్త," అన్నాను.

"పందెం ఇంక కాలేదు కద. నీ మనిషి గెల్సిండో లేదో సూడవా?"

"గెలిచినా ఓడినా నా మాట ఇదే. ఫ్రాన్స్‌ల ఎవరి కాళ్లల్లనో ఉన్న బలం చూసి నేను చెప్పుడేంది? కాని, జీతం హయత్‌నగర్ ఆయనకు అనుకున్నంతే ఇయ్యాలె. ఒక్క రూపాయి ఎక్కువ వద్దు. బుక్కులు చదివి చెప్పుడే కాదు, చేతి పని గూడ నేర్పాలె."

"నీ వయసులనా?"

"నా వయసులనే. ఇంకోటి. దుకాణంల నన్ను పటేలా అనొద్దు."

"మరేమనాలె?"

"పనిచేసేటోళ్లను ఏమంటవ్?"

"పెద్దోళ్లయితె అన్న అంట. చిన్నోళ్లయితె ఒరేయ్ అంట."

"అన్న చాలు."

ఉస్తాద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకూ వచ్చింది.

ఆ సాయంత్రం నా మనిషి ఒంటరిగా బాగానే తొక్కాడు. భుజాలు కదలలేదు. పసుపు చొక్కా ముప్పై ఎనిమిది సెకండ్ల తేడాతో నిలబెట్టుకున్నాడు. రెండో స్థానం పొట్టివాడిది. కొండ మీద అతను ఆగకుండా ఆ నాలుగు కిలోమీటర్లూ పోయి ఉంటే సంపాదించే సమయం దానికన్నా ఎక్కువని ఉస్తాద్ వేళ్ల మీద లెక్క వేసి చూపించాడు. లెక్క సరిగ్గానే ఉంది.

"గెలిచింది నా మనిషే," అన్నాను. "పొట్టాయన వచ్చే ఏడు వేరే జట్టుల చేరాలె. నాయకుడిగ."

"గిప్పుడన్నవ్," అన్నాడు ఉస్తాద్.

మర్నాడు పందెం పారిస్ చేరే వేళకు మేమిద్దరం ఆదిభట్ల రోడ్డు మీది మల్గిలో గోడకు కొక్కేలు బిగిస్తున్నాం. హోటలాయన ఫోన్ చేసి, ఆఖరి రోజు తనవాడే గెలిచాడనీ, అసలు పందెం గెలిచింది అతనేననీ, మేం ఎన్ని చెప్పినా తను ఒప్పుకోననీ అన్నాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు దుకాణం తెరిచాం. కంపెనీ బస్సులు వరసగా పోతున్నాయి. వాటిల్లోంచి మా స్కూల్లో చదివినవాళ్లెవరైనా చూస్తారేమోనని ఒక్క క్షణం వెనక్కి జరగబోయాను. జరగలేదు. రోడ్డు వైపే ముఖం పెట్టి కూర్చుని బోల్టులు విప్పే పాన అందుకున్నాను. ఆ సాయంత్రానికి మూడు చక్రాలు విప్పి బిగించాను. రెండు సరిగ్గా వచ్చాయి. మూడోదాన్ని ఉస్తాద్ తిప్పి చూసి, "అన్నా, వంకర పోతుంది, మల్ల ఇప్పు," అన్నాడు. విప్పాను.