రెండు తలల బాడుగ

ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చాక కర్నూలులో బాడుగ కూడా తలకింతని వసూలు చేస్తున్నారు. కడప నుంచి వచ్చిన బంట్రోతు ఓబులేసు గదిలో ఉండేది ఒక్కడే, కట్టేది రెండు తలలకు. బియ్యం, కట్టెలు, ఇల్లు అన్నీ కడపలోనే చౌకని రోజూ గొణుగుతాడు. సాయంత్రం తుంగభద్ర నుంచి భుజాన ఒకటి, చంకన ఒకటి బిందెలు మోసుకొస్తాడు. ఒకటి వాడుకుంటాడు. రెండోది తలుపు వెనక పెట్టి ముట్టడు.

ఇంటాయన ఇమాం బాషాకు ఒకరోజు ఆ అదనపు బాడుగ తీసుకోను మనసొప్పలేదు. "ఒక్కనివే గదప్పా, రెండో తల యాడుండాది? అంత చౌకైతే కడపకే పోరాదా?"

"ఆడ నీళ్లకు పోయి దిగుడుబావిలో జారిపడి సచ్చిపాయ నా పెండ్లాం. ఈడ నీళ్లు నేనే తెస్తాండా. ఖర్చెక్కువైనా ఆమెకు ఈ ఊరే బాగుండాది సాయిబూ."

 అప్పటినుంచి ఇమాం బాషా ఆ గది ముందు నుంచి పోయేటప్పుడల్లా, లోపల ఆడమనిషి ఉన్నట్టు, ఒకసారి దగ్గి పోతున్నాడు.